వీపు దిగని గుంట

మగ్దలేనమ్మ వీపు ఖాళీగా ఉండగా చూసినవాళ్ళు కొండ మీది పనసలబందలో ఎవరూ లేరు. చిన్నప్పుడు తమ్ముళ్ళని మోసింది. వాళ్ళు దిగగానే మేనత్త పిల్లల్ని ఎక్కించారు. బడికెళ్ళే వయసులో బడి గుమ్మం బయట నిలబడి, వీపు మీద పిల్లాడిని ఊపుతూ, లోపల పిల్లలు చదివే ఎక్కాలు విన్నది. పెళ్ళయ్యాక సొంత పిల్లలు. ఎవరూ లేని రోజుల్లో కట్టెల మోపు. ఇంక చాలు ప్రభువా అని మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకోవాల్సిన వయసు వచ్చేసరికి, ఆ మోకాళ్ళూ వంగడం మానేశాక, మనవరాలు షాలోమ్ ఎక్కి కూర్చుంది.

షాలోమ్ అంటే శాంతి అని చెప్పి పాస్టరుగారు ఆ పేరు పెట్టారు. పెట్టి, టీ తాగి, తన ఊరు గూడెం కొత్తవీధి వెళ్ళిపోయారు. మోసేది మాత్రం మగ్దలేనమ్మ.

పిల్లకి రెండో ఏడు నిండబోతోంది. నడక వచ్చింది, పరుగూ వచ్చింది, కోడిపిల్లల వెంటపడి వాటి ప్రాణాలు తోడేయడమూ వచ్చింది. అయినా నిద్రొస్తే వీపు, ఆకలేస్తే వీపు, కొత్త గొంతు వినబడితే వీపు, కుక్క మొరిగితే వీపు. పాత చీర ముక్కతో బిగించి కట్టి, వెనక్కి చెయ్యి పెట్టి తడుతూ, మగ్దలేనమ్మ గొంతులోంచి ‘ఊఁ... ఊఁ...’ అని ఒక శబ్దం తీసేది. అది పాటా కాదు, మాటా కాదు. ఆ శబ్దం వీపులోంచి పిల్ల ఛాతీలోకి దిగేది. ఎంత గుక్కపట్టి ఏడుస్తున్నా కాసేపటికి వెక్కిళ్ళు తగ్గి, వేళ్ళు వదులై, చెంప వీపుకి ఆనించి పడుకునేది. ఆ విద్య మగ్దలేనమ్మకి ఎవరూ నేర్పలేదు. ఆమె వల్లకాక పడే మూలుగులోంచే అది పుట్టిందని మొగుడు వరప్రసాదం అనేవాడు. అందులో కొంత నిజం లేకపోలేదు.

కాఫీ పళ్ళు ఎర్రబడే కాలంలో ఆమె అవస్థ చూడాలి. నడుముకి ముందు బుట్ట, వెనక మనవరాలు. పొద్దున్నే మంచులో తోటలోకి వెళ్ళి, కొమ్మ వంచి, పచ్చివాటిని వదిలి ఎర్రవి మాత్రం గిల్లి బుట్టలో వేయాలి. వంగినప్పుడల్లా పిల్ల మెడ మీదికి జారుతుంది. నడుం దగ్గర మొదలైన నొప్పి పిక్క దాకా తీగలా లాగుతుంది. ఆసుపత్రిలో నర్సమ్మ, “బరువులు మొయ్యకమ్మా,” అని చెప్పి మాత్రలిచ్చింది. మాత్రలు మింగింది. బరువు ఎవరికివ్వాలో నర్సమ్మ చెప్పలేదు, ఈమె అడగనూ లేదు.

అసలు ఈ పిల్ల తల్లి ఉంది. లేకేం? మగ్దలేనమ్మ కూతురు సిల్వియా. మైదానంలో బట్టలు కుట్టే కంపెనీలో మిషను మీద పని. మొగుడు ఉదయ్ అక్కడే ఆటో నడుపుతాడు. పురిటికి పుట్టింటికి వచ్చి, పిల్ల ఇంకా బోర్లా పడటం నేర్చుకుంటూ ఉండగానే తిరిగి పనిలోకి వెళ్ళాల్సి వచ్చింది. ఇద్దరూ పనికి పోతే ఒంటిగది ఇంట్లో పిల్లని చూసేదెవరు? అలా ఇక్కడ ఉండిపోయింది. వెళ్ళే రోజున మగ్దలేనమ్మే సలహా ఇచ్చింది.

“గుంట నిద్దట్లో ఉండగా ఎల్లిపో. సూసిందంటే ఏడుస్తాది.”

ఊళ్ళో అందరూ చేసే పనే అది. పిల్ల కళ్ళ ముందు ఎవరూ గడప దాటరు. కోడిపిల్లనో, పిల్లిపిల్లనో చూపించి, అటు తిరగగానే ఇటు జారుకుంటారు. వెళ్ళేది చూడకపోతే పిల్లకి వెళ్ళినట్టు తెలియదు, తెలియకపోతే బాధ ఉండదు. తరతరాలుగా కొండ మీద తల్లులు ఇలాగే పోడుకి పోయారు, సంతకి పోయారు, కూలికి పోయారు. సిల్వియా కూడా పిల్ల నోట్లోంచి మెల్లిగా రొమ్ము తీసేసుకుని, సంచి పట్టుకుని జీపెక్కింది. లేచాక పిల్ల కొన్నాళ్ళు గుమ్మం వైపు చూసింది. తర్వాత చూడటం మానేసింది. మరిచిపోయింది, మంచిదే అనుకున్నారు.

ఊరి పైనున్న పెద్ద బండ మీదకెక్కితే ఫోను పలుకుతుంది. ఆదివారం గుడి అయ్యాక వరప్రసాదం పిల్లని అక్కడికి తీసుకెళ్ళి తల్లిని చూపించేవాడు. షాలోమ్ ఫోనుని నాకేది, తిప్పి వెనక ఎవరున్నారో చూసేది, ఎవరూ లేకపోతే తాతకి ఇచ్చేసేది. పిల్ల ‘మ్మా’ అని పిలిచేది మగ్దలేనమ్మని. ఆ పిలుపు విన్నప్పుడు ఆమెకి మొదట్లో సంతోషంగా ఉండేది. నడుం నొప్పి ముదిరిన కొద్దీ భయం వేయసాగింది.

ఈసారి క్రిస్మస్ సెలవుకి సిల్వియా ఒక నిర్ణయంతో వచ్చింది. కంపెనీలోనే పసిపిల్లలకి గది పెట్టారట, చూసుకోవడానికి ఆయా ఉందట. మిషను దగ్గర నుంచి మధ్యలో లేచి వెళ్ళి చూసి రావచ్చట.

“తీసుకెల్లిపోతానమ్మా,” అంది, సంచి దించుతూనే.

మగ్దలేనమ్మకి ఆ మాట వినగానే, వీపు మీద పిల్ల ఉండగానే, బరువు సగం దిగినట్టయింది. ఆ వెంటనే ఒంట్లో ఏదో కోసేసినట్టు కూడా అయింది. రెండోదాన్ని పక్కకి నెట్టేసింది. తన వీపు ఇంకో కాఫీ కోత చూడదు. ఆ సంగతి ఆమెకి తెలుసు, మొగుడికి తెలుసు. ఈ సెలవు అయ్యేలోపు పిల్ల తల్లికి అలవాటు పడాలి. పడకపోతే సిల్వియా మళ్ళీ ఒంటరిగా కొండ దిగుతుంది. ఆ తర్వాత ఈ పిల్లకి తల్లి ఎప్పటికీ ఫోనులో మొహమే.

సిల్వియా సంచిలోంచి ఎర్ర గౌను తీసింది, నొక్కితే కీచుమనే బొమ్మ తీసింది. “షాలీ, రా అమ్మా,” అని చేతులు చాపింది. షాలోమ్ ఒక్క చూపు చూసి, మొహం అవ్వ మెడలో దాచేసుకుంది. లాగితే కెవ్వుమంది. సిల్వియా చేతులు దించేసింది. గౌను మడతపెట్టి తాడు మీద వేసి, నూతి గట్టు దగ్గర కూర్చుని గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. మొహంలో ఒక్క గీత కదల్లేదు.

‘రాయి కడుపున పుట్టిందేమో,’ అనుకుంది మగ్దలేనమ్మ. తన కడుపునే పుట్టిందని గుర్తొచ్చి, ఆ ఆలోచన అక్కడితో ఆపేసింది.

మర్నాడూ అదే, ఆ మర్నాడూ అదే. తల్లి పెట్టిన ముద్ద పిల్ల ఉమ్మేసింది. తల్లి తొడిగిన గౌను పీకేసుకుంది. సిల్వియా కసవు ఊడ్చేది, కట్టెలు చీల్చేది. పక్కింటి మంగ్లు పెళ్ళాం వచ్చి గుంటకి గాలి సోకిందేమో, మంత్రం వేసే గురుమాయి చేత చూపించమంది. వరప్రసాదం ప్రార్థన పెట్టిద్దామన్నాడు.

“గాలీ లేదు, దూళీ లేదు. దాన్ని పట్టిన దెయ్యాన్ని నానే,” అంది మగ్దలేనమ్మ. “నాను కనబడినంతసేపూ అది తల్లి కాడికి ఎల్లదు. నాను తప్పుకోవాల.”

తప్పుకోవడం అంటే ఆమెకి తెలిసిన దారి ఒక్కటే. సిల్వియా పెరట్లో కోడిపిల్లలకి నూకలు వేస్తూ పిల్లని పిలిచింది. పిల్ల అటు తిరగగానే మగ్దలేనమ్మ వెనక తలుపులోంచి బయటపడి, కంచె పక్కన వంగి, సొంత ఇంట్లో దొంగతనం చేసినదానిలా తోటలోకి పారిపోయింది. ఆ పూట వీపు ఖాళీ. చేతులు చకచకా కదిలాయి, బుట్ట తొందరగా నిండింది. ఇంత హాయిగా ఉంటుందా అనుకుంది.

మధ్యాహ్నం దిగి వస్తుంటే వాలులోనే ఏడుపు వినబడింది. అది ఏడుపులా లేదు, గొంతు చీలిపోయి రంపం గీసినట్టుంది. పిల్ల తిన్నది కక్కేసింది, జుట్టు చెమటకి తడిసి నుదుటికి అంటుకుంది. తన్నుతున్న పిల్లని సిల్వియా చేతులు చాచి దూరంగా పట్టుకుని నిలబడి ఉంది, కుండ పగిలిపోతుందేమో అన్నట్టు. అవ్వని చూడగానే పిల్ల ఆ చేతుల్లోంచి జారి పరుగెత్తుకొచ్చి వీపెక్కి, జుట్టు రెండు పిడికిళ్ళతో పట్టుకుంది. ఆ సాయంత్రం మగ్దలేనమ్మ దొడ్డికి వెళ్ళినా పిల్ల వీపు మీదే ఉంది.

“ఒకరోజుకి అలవాటవుతుందేటి?” అన్నాడు వరప్రసాదం. “రోజూ ఎల్లు.”

రోజూ వెళ్ళింది. కానీ పిల్ల ఇప్పుడు కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాస్తోంది. బుట్ట ముట్టుకుంటే చాలు, చీర కుచ్చెళ్ళు పట్టుకుంటుంది. మగ్దలేనమ్మ తెలివి మీరింది. బుట్టని మొగుడి చేత ముందే తోటకి పంపేసేది. ఇంట్లోనే ఉన్నట్టు నమ్మించడానికి తన తువ్వాలు కొక్కేనికి వేలాడదీసేది. పొయ్యి దగ్గర గిన్నె ఒకటి చప్పుడు చేసి, వెనక నుంచి జారుకునేది. ఎన్ని ఎత్తులు వేసినా మధ్యాహ్నానికి అదే రంపపు గొంతు. పిల్ల నిద్రలో ఉలిక్కిపడి లేచి తడుముకోవడం మొదలుపెట్టింది. ఒకరోజు సిల్వియా చెయ్యి కొరికింది, పళ్ళు దిగాయి. సిల్వియా ఆ చేతిని నీళ్ళలో కడుక్కుని, బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

సంత రోజున మగ్దలేనమ్మ పొద్దున్నే జారుకుంది. కొంగున మరమరాలు మూటగట్టుకుని, ఏడుపుకి చెవులు సిద్ధం చేసుకుని మరీ తిరిగొచ్చింది. ఏడుపు లేదు. షాలోమ్ అరుగు మీద కూర్చుని చిక్కుడు గింజలు ఒక్కొక్కటే డబ్బాలో వేస్తోంది. “షాలీ,” అని పిలిచింది. పిల్ల తలెత్తి ఒకసారి చూసింది. మళ్ళీ గింజల వైపు తిరిగిపోయింది. లేచి రాలేదు, చేతులు చాపలేదు.

మగ్దలేనమ్మకి ప్రాణం లేచొచ్చింది.

“సూసేవేటే సిల్వియా! ఊరుకుంది! అలవాటైపోయింది సూడు! నాను సెప్పలేదూ?”

సిల్వియా తడి చేతులతో గుమ్మంలో నిలబడి ఉంది. మొహం పాలిపోయి ఉంది.

“అది ఊరుకోలేదమ్మా. ఒగ్గీసింది.”

“ఏటి ఒగ్గీసింది? దేన్ని ఒదిలీసింది?”

“నిన్ను. నువ్వొత్తావనుకోడం ఒగ్గీసింది.”

“నీకేటి తెల్సే? పెద్ద డాక్టరమ్మవి!”

“నాకు తెల్దేటి?” అంది సిల్వియా. గొంతు పెంచలేదు. ఆమె ఎప్పుడూ గొంతు పెంచదు. “నువ్వు నన్ను నాన్నమ్మ కాడ ఒగ్గి, రోడ్డు పనికి ఎల్లీదానివి. పొయ్యి కాడ గిన్నె సప్పుడు సేసీదానివి, ఇంట్లోనే ఉన్నావనుకుంటానని. నాను కంచె సందులోంచి సూసీదాన్ని. నువ్వు కొండెక్కి అటు దిగీదాకా సూసీదాన్ని. మొదట్లో ఏడిసీదాన్ని. ఏడిసినా నువ్వు రావు కదా. అందుకే మానీసాను. ఊళ్ళో అందరూ మంచి గుంట, ఏడవదు అన్నారు. నువ్వు కూడా అన్నావు.”

“మంచిదానివే కదే మరి.”

“మంచిదాన్నే. ఇప్పుడు కూడా మంచిదాన్నే. ఏడుపొత్తే ఏటి సెయ్యాలో నాకు తెల్దు. ఉదయ్ అడుగుతాడు, ఏటైందే, సెప్పు అని. గిన్నెలు తోముకుంటాను. దాన్ని ఒగ్గి ఎల్లిన రోజు కూడా రూముకెల్లి గిన్నెలన్నీ తోమీసాను. తోమినవే మళ్ళీ తోమీసాను.”

ఇక్కడ తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారని రాస్తే వినడానికి బాగానే ఉంటుంది. అలా జరగలేదు. మగ్దలేనమ్మకి ఒళ్ళు మండిపోయింది.

“నాను పనికెల్లకపోతే నీ నోట్లోకి ముద్ద ఎలాగొచ్చీది? సెప్పి ఎల్తే కొంగు ఒగ్గీదానివేటి? నాకేటి సరదాయేటి ఆ ఎండలో రాళ్ళు మొయ్యడం? ఇప్పుడొచ్చి నన్ను అడుగుతున్నావా!”

మరమరాలు అరుగు మీద పడేసి, లోపలికెళ్ళి గోడ వైపు తిరిగి పడుకుంది. వరప్రసాదం వచ్చి కూరేం వండావని అడిగి తిట్లు తిన్నాడు.

కోపం ఎంతసేపు ఉంటుంది? ఒంట్లో ఓపిక ఉన్నంతసేపు. ఆమెకి ఆ రోజు అదీ మిగల్లేదు. పడుకుని చూస్తుంటే పాత రోజులు కళ్ళ ముందుకొచ్చాయి. గిన్నె చప్పుడు చేసి, వంగి, కంచె దాటి, కొండెక్కుతూ వెనక్కి చెవి వేసేది. ఏడుపు వినబడకపోతే అమ్మయ్య అనుకునేది. ఆ రోజంతా రాళ్ళు తేలిగ్గా ఉండేవి. పిల్ల ఏడవకూడదని జారుకున్నాననుకుంది ఇన్నాళ్ళూ. పిల్ల ఎలాగూ ఏడ్చింది. ఆ ఏడుపు తన చెవిన పడకూడదని జారుకుంది. ఇది ఒప్పుకోవడానికి ఆమెకి చాలా కష్టమైంది. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

వెలుగు వాలుతుండగా షాలోమ్ లోపలికొచ్చింది. మామూలుగా అయితే వచ్చి మీద పడాలి. పడలేదు. కొంచెం దూరంలో నిలబడి చూసింది. తర్వాత చప్పుడు చేయకుండా, తాకకుండా, ఆమె వెనకాల చాప అంచున పడుకుంది. అంత పసిపిల్ల అంత జాగ్రత్తగా పడుకోవడం మెడ తిప్పి చూసి మగ్దలేనమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

మర్నాడు పొద్దున్న బుట్టని దాచలేదు. పిల్ల ఎదురుగానే నడుముకి కట్టుకుంది. వంగని మోకాళ్ళు వంచి పిల్ల ముందు కూర్చుంది.

“షాలీ, నాను తోటకి ఎల్తన్నాను. పళ్ళు కోసి వొచ్చీత్తాను. నువ్వు అమ్మ కాడ ఉండు.”

పిల్ల కెవ్వున ఏడ్చి మెడ పట్టుకుంది. వరప్రసాదం పరుగెత్తుకొచ్చాడు. “బుర్రుందేటే నీకు? సెప్పి మరీ ఏడిపిత్తావా?”

“ఏడవనీ నాన్నా,” అంది సిల్వియా. “ఎత్తుకుని నానున్నాను కదా.”

ఈసారి చేతులు చాచి దూరంగా పట్టుకోలేదు. గట్టిగా పొట్టకి అదుముకుంది. పిల్ల తన్నింది, గీరింది. మగ్దలేనమ్మ ముందు వాకిట్లోంచి, అందరికీ కనబడే దారిలో, నిటారుగా నడిచింది. వెనక నుంచి ఆ ఏడుపు వీపులో గుచ్చుకుంటూనే ఉంది. ఇన్నేళ్ళలో మోసిన బరువులన్నిటికన్నా అదే ఎక్కువ బరువనిపించింది. కాఫీ మొదటి వరస దగ్గర ఆగి, “ఇదిగో, ఇక్కడున్నాను!” అని కేకేసింది. నాలుగు కొమ్మల పళ్ళు కోసి తిరిగొచ్చింది. వచ్చానని చూపించి మళ్ళీ వెళ్ళింది. వరప్రసాదం చూసి, ఈ లెక్కన ఈ ఏడు కాఫీ పళ్ళు పక్షులే తింటాయన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

అలా కొన్నాళ్ళు తిరిగాక, సిల్వియా వీపుకి పిల్లని కడదామనుకున్నారు. సిల్వియాకి ముడి వేయడం రాలేదు. పిల్లని తల్లి వీపు మీద బోర్లా వేసి, చీర ముక్క చంకల కిందుగా తిప్పి, మగ్దలేనమ్మే కట్టింది. సిల్వియా వీపు చెక్కలా బిగుసుకుపోయి ఉంది. పిల్ల విల్లులా వెనక్కి వంగి ఏడుపు అందుకుంది.

“ఊఁ అనవే.”

“నాకు రాదమ్మా. సిగ్గేత్తాది.”

“పాట పాడమన్లేదు. ఊఁ అను. గొంతులోంచి కాదు, పొట్టలోంచి.”

సిల్వియా చాలాసేపు తంటాలు పడింది. చివరికి వచ్చిన శబ్దం ఆగి ఆగి, పరుగెత్తి, మళ్ళీ ఆగి, కుట్టు మిషను నడిచినట్టు వచ్చింది. మగ్దలేనమ్మకి నవ్వొచ్చింది. పిల్ల ఏడుపు ఆపలేదు గానీ, మధ్యమధ్యలో ఆపి వినడం మొదలుపెట్టింది.

అలాగే తోటలోకి తీసుకెళ్ళారు. ఒక చెట్టుకి అటు మగ్దలేనమ్మ, ఇటు సిల్వియా. సిల్వియా భుజం మీదుగా షాలోమ్ తల పైకెత్తి చూసి, ఆశ్చర్యపోయినట్టు నోరు తెరిచింది. వీపు మీద నుంచి ఆ పిల్ల ఇన్నాళ్ళూ చూసింది అవ్వ మెడ, సిగ, చెవి వెనక భాగం. పని చేసే అవ్వ మొహం ఎప్పుడూ చూడలేదు. కొమ్మల మధ్య నుంచి చెయ్యి చాపి ఆమె ముక్కు పట్టుకుంది. మగ్దలేనమ్మ ముక్కు ఇచ్చి, పళ్ళు కోస్తూ నిలబడింది. కాసేపటికి ఆ చెయ్యి జారిపోయింది. పిల్ల తల్లి వీపు మీద నిద్రపోయింది. సిల్వియా కదిలితే లేస్తుందేమోనని ఒకే చెట్టు దగ్గర, కోసిన కొమ్మే మళ్ళీ మళ్ళీ తడుముతూ ఉండిపోయింది.

ఇదంతా ఒక్కసారిగా సర్దుకుందని కాదు. సాయంత్రమైతే పిల్ల మళ్ళీ అవ్వ కోసమే గింజుకునేది. ఒకరోజు తల్లి దగ్గర తింటే ఇంకోరోజు కంచం తన్నేది. కానీ కోపమొస్తే ఇప్పుడు మొహం మీదే ఏడుస్తోంది, గింజల డబ్బా దగ్గరికి పోయి మౌనంగా కూర్చోవడం లేదు. ఆ గోల చూసి ఆనందించాల్సిన గతి పట్టిందని వరప్రసాదం చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు.

సెలవు అయిపోవచ్చిన రోజుల్లో, వాకిట్లో కాఫీ పళ్ళు ఆరబోస్తుండగా షాలోమ్ పరుగెత్తి రాయి తగిలి పడింది. పెదవి చిట్లి రక్తం వచ్చింది. ఊపిరి బిగబట్టి, నోరు తెరిచి, ఇంకా శబ్దం రాని ఆ క్షణంలో లేచి నిలబడి చూసింది. ఒకవైపు అవ్వ, ఒకవైపు తల్లి. మగ్దలేనమ్మ చేతులు అప్పటికే చాచేసింది. పిల్ల పరుగెత్తింది. తల్లి దగ్గరికి పరుగెత్తి, ఆమె ఒళ్ళో మొహం దాచుకుని, అప్పుడు ఏడ్చింది.

మగ్దలేనమ్మ చాచిన చేతుల్ని వెనక్కి తీసుకుని చీరకి తుడుచుకుంది. ఇదే కదా కావాలనుకుంది! ఇన్ని రోజులు ఇద్దరూ తిప్పలు పడింది దీనికే కదా! అయినా ఎక్కడో కలుక్కుమంది. ఆ నొప్పి నడుం నొప్పిలా మాత్రకి తగ్గేది కాదని తెలిసి, పళ్ళు పరవడానికి వంగింది.

వెళ్ళే రోజున జీపు వాకిట్లోకొచ్చింది. మంగ్లు పెళ్ళాం ముందే వచ్చి తొందరపెట్టింది. “మగ్దలేనమ్మొదినా, నువ్వు పెరట్లోకి ఎల్లిపో. గుంట నిన్ను సూత్తే జీపెక్కదు.” డ్రైవరూ అదే అన్నాడు. వరప్రసాదం సంచులు జీపు వెనక సర్దుతూ ఉండిపోయాడు.

మగ్దలేనమ్మ పెరట్లోకి వెళ్ళలేదు. జీపు పక్కకొచ్చి, కిటికీ దగ్గర పిల్ల మొహానికి మొహం పెట్టింది.

“నువ్వు అమ్మతో ఎల్తన్నావు. నాను ఇక్కడే ఉంటాను. ఈస్టరుకి నీ కాడికి వొత్తాను.”

ఈస్టరంటే పిల్లకేం తెలుసు? ఇక్కడే ఉంటాను అన్నది మాత్రం అర్థమైంది. రెండు చేతులూ చాపి, జీపు కదిలిపోయేలా ఏడ్చింది. సిల్వియా దాన్ని అదుముకుని, ఆగి ఆగి నడిచే తన శబ్దం మొదలుపెట్టింది. డ్రైవరు బండి కదిపాడు. మగ్దలేనమ్మ పక్కకి జరిగింది. ఇంకేం, అయిపోయింది అనుకుంది.

అప్పుడు జీపులోంచి ఒక కేక వినబడింది. అది పిల్లది కాదు.

“అమ్మా! లోనికి ఎల్లిపోకే! కనబడినంతసేపూ అక్కడే ఉండమ్మా!”

కిటికీలోంచి తల బయటపెట్టి సిల్వియా ఏడుస్తోంది. నోరంతా తెరిచి, ముక్కు కారుతూ, చుట్టూ ఎవరున్నారో చూసుకోకుండా, కంచె సందులో నిలబడిన పసిపిల్ల ఏడవాల్సిన ఏడుపు ఏడుస్తోంది. ఊళ్ళోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సిల్వియా ఏడవడం వాళ్ళెవరూ ఎరగరు.

“ఉంటానే!” అని అరిచింది మగ్దలేనమ్మ. “ఎక్కడికీ ఎల్లను! ఇక్కడే ఉంటాను!”

వాకిలి దాటి రోడ్డు అంచుకి, అన్ని వైపులకీ కనబడే చోటుకి వెళ్ళి నిలబడింది. కొండ దిగే దారి మెలికలు తిరిగి ఉంటుంది. జీపు చెట్ల వెనక మాయమైంది, మళ్ళీ కింద మలుపులో కనబడింది. కిటికీలోంచి చెయ్యి ఊగింది. మగ్దలేనమ్మ చెయ్యి పైకెత్తి ఊపింది. ఇంకా కింద ఒకసారి కనబడింది. చెయ్యి ఉందో లేదో తెలియలేదు, అయినా ఊపింది. ఆ తర్వాత లోయ నిండా మంచే.

వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. నిలబడి నిలబడి ఆమె నడుం పట్టేసింది.

“ఇంక కనబడదే,” అన్నాడు వరప్రసాదం. “రా, కూకుందువు.”

“మనకి కనబడదు. అటునుంచి దానికి కనబడతాదేమో,” అంది మగ్దలేనమ్మ. “నువ్వెల్లి పొయ్యి ఎలిగించు.”